నాలుగు పోర్టుల కార్డు బిగించినా వేగం రాకపోతే ఏం చూడాలి

హన్మకొండ కాలేజీ ల్యాబైనా, కరీంనగర్‌లో కేబుల్ ఇంటర్నెట్ గదైనా, సర్వర్‌లో నాలుగు పోర్టుల 10 గిగాబిట్ నెట్‌వర్క్ కార్డు పెట్టగానే 40 గిగాబిట్లు రావు. దారిలో ఎక్కడో ఇరుకు ఉంటుంది. దాన్ని కింది నుంచి పైకి వెతకాలి.

మొదట స్లాటు. కార్డు బిగించే స్లాటు రకమైన పీసీఐ ఎక్స్‌ప్రెస్ మూడో తరంలో ఒక్కో లేను (డేటా పోయే దారి) ఒక్కో వైపు సుమారు 7.9 గిగాబిట్లు మోస్తుంది. ఎనిమిది లేన్లకు 63, అంటే నాలుగు పోర్టులకు చాలు. రెండో తరంలో ఎనిమిది లేన్లున్నా 32 దాటదు. కొన్ని మదర్‌బోర్డుల్లో స్లాటు పొడవు ఎనిమిది లేన్లదే ఉంటుంది, లోపల కనెక్షన్ నాలుగింటికే ఇస్తారు. లైనక్స్‌లో రూట్‌గా ఎల్ఎస్‌పీసీఐ కమాండుకు రెండు 'వి'లు చేర్చి నడపండి. లింక్ కేపబిలిటీ వరుసలో కార్డు సత్తా, లింక్ స్టేటస్ వరుసలో ఇప్పుడు నిజంగా దొరుకుతున్నదీ కనిపిస్తాయి. రెండోది తక్కువగా ఉంటే కార్డును వేరే స్లాటుకు మార్చండి, అది కాకుండా మిగతా ట్యూనింగ్ దండగ. రెండు ప్రాసెసర్ల సర్వరైతే ఆ స్లాటు ఏ ప్రాసెసర్‌దో, పని చేసే ప్రోగ్రామ్ కూడా దానిమీదే నడవాలి.

తర్వాత క్యూలు. అసలు లాభం ఇక్కడే ఉంది. రిసీవ్ సైడ్ స్కేలింగ్ అంటే, వచ్చిన ప్యాకెట్ ఐపీ అడ్రసులు, పోర్టు నంబర్ల మీద కార్డు ఒక హ్యాష్ (గుర్తు సంఖ్య) లెక్కగట్టి దాన్ని ఏదో ఒక క్యూలో వేయడం. ఒక్కో క్యూను ఒక్కో కోర్ చూసుకుంటుంది. కార్డు సెట్టింగులు చూసే, మార్చే ఈత్‌టూల్ కమాండులో చిన్న 'ఎల్' ఆప్షన్ క్యూలు ఎన్నో చూపిస్తుంది, పెద్ద 'ఎల్' మారుస్తుంది. రింగుకు (ప్యాకెట్లు ఆగే బఫర్) 'జి', ఆఫ్‌లోడ్లకు (ప్రాసెసర్ మీద భారం తగ్గించే పనులు) 'కె', ఇంటరప్టులకు (కార్డు ప్రాసెసర్‌ను పిలవడం) 'సి' కూడా ఇంతే. క్యూలు కోర్ల సంఖ్యను మించనవసరం లేదు.

కేబుల్ ఇంటర్నెట్ వాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. పీపీపీఓఈ (కస్టమర్ లాగిన్‌కు వాడే పద్ధతి) ప్యాకెట్ లోపలి ఐపీని చాలా కార్డులు చదవలేవు. అప్పుడు ట్రాఫిక్ అంతా ఒకే క్యూకు పోతుంది. ఒక కోర్ నూరు శాతం దగ్గర ఉంటుంది, మిగతావి ఖాళీగా ఉంటాయి, సాయంత్రం పూట కస్టమర్ల ఫోన్లు మొదలవుతాయి. దీనికి కెర్నెల్‌లోని రిసీవ్ ప్యాకెట్ స్టీరింగ్ ఆన్ చేయండి. అది సాఫ్ట్‌వేర్‌లో పంచుతుంది.

పూర్తి సైజు ఫ్రేములతో 10 గిగాబిట్ల లైన్ నిండితే సెకనుకు సుమారు 8.12 లక్షల ప్యాకెట్లు. ఒక్కోదానికీ ప్రాసెసర్‌ను లేపితే అది వేరే పని చేయలేదు. అందుకే కార్డు కొన్ని మైక్రోసెకన్లు ఆగి, ఒకేసారి పిలుస్తుంది. ట్రాఫిక్‌ను బట్టి ఆ వ్యవధిని తానే మార్చుకునే అడాప్టివ్ సెట్టింగు మామూలుగా చాలు. వాయిస్ లాంటి ఆలస్యం ఓర్వని పనికి మాత్రం ఆ వ్యవధి తగ్గించండి. గణాంకాల్లో మిస్డ్ కౌంటర్ (చోటు లేక జారిపోయిన ప్యాకెట్ల లెక్క) పెరుగుతుంటే రింగు సైజు పెంచండి.

ఆఫ్‌లోడ్లలో టీఎస్ఓ (పంపే డేటాను ముక్కలు చేయడం), చెక్‌సమ్ (తప్పులు సరిచూడటం), జీఆర్ఓ (వచ్చిన ప్యాకెట్లను కలపడం) ఆన్‌లోనే ఉండనివ్వండి. ఎల్ఆర్ఓను మాత్రం రూటర్‌గానో బ్రిడ్జిగానో పనిచేసే సర్వర్‌లో తప్పక ఆపండి. అది ప్యాకెట్లను తిరిగి విడదీయలేనట్టు కలిపేస్తుంది.

పోర్టులను ఎల్ఏసీపీతో (పలు పోర్టులను ఒకే లింకుగా కట్టే పద్ధతి) కలిపితే స్విచ్‌లోనూ అదే గ్రూపు కట్టాలి. ఒకే పెద్ద ఫైల్ కాపీ మాత్రం ఒక్క పోర్టు వేగాన్ని దాటదు, ఎందుకంటే ప్యాకెట్ల వరుస చెడకుండా ఒక కనెక్షన్ ఒకే దారిన పోతుంది. ఏ కనెక్షన్ ఏ పోర్టున పోవాలో తేల్చే డీఫాల్ట్ హ్యాష్ మ్యాక్ అడ్రసుల మీదే నడుస్తుంది. అవతల ఒక్క రూటరే ఉంటే అంతా ఒకే తీగ మీద పడుతుంది, కాబట్టి లేయర్ 3+4కు (ఐపీ అడ్రసులు, పోర్టు నంబర్లు) మార్చండి.

వేగం కొలిచే ప్రోగ్రామ్ ఐపర్ఫ్ 3 వాడేటప్పుడు దాని వెర్షన్ చూసుకోండి. 3.16కు ముందు ఎన్ని స్ట్రీములు పెట్టినా ఒక్క థ్రెడ్డే, అంటే ఒకసారికి ఒక్క కోరే పనిచేస్తుంది. పాతదైతే వేర్వేరు పోర్టు నంబర్లతో నాలుగు ప్రాసెస్‌లు నడపండి.

మే నెలలో వరంగల్ ఎండ ఎలాగుంటుందో చెప్పక్కర్లేదు. ఈ కార్డులకు ఎక్కువగా ఫ్యాన్ ఉండదు, ర్యాక్ సర్వర్ గాలిని నమ్ముకుని తయారుచేస్తారు. టవర్ కంప్యూటర్‌లో పెడితే హీట్‌సింక్ మీదకు చిన్న ఫ్యాన్ తిప్పండి. రాగి ఆర్‌జే 45 మాడ్యూళ్లు ఒక్కోటి 2.5 వాట్ల దాకా తింటాయి. పక్కపక్కన నాలుగు దూర్చకుండా, ర్యాక్ లోపల డాక్ కేబుల్ (రెండు చివర్లా మాడ్యూళ్లతోనే వచ్చే రాగి తీగ), దూరానికి ఫైబర్ వాడండి. జిన్నింగ్ మిల్లు దగ్గరి గదైతే పత్తి నూగు ఫిన్ల మధ్య చేరుతుంది, సీజన్‌లో తరచూ బ్లోయర్ కొట్టండి.

ఈత్‌టూల్ మార్పులు రీబూట్‌తో పోతాయి. కుదిరినవాటిని సిస్టమ్‌డీ సర్వీసులో (లైనక్స్ మొదలైనప్పుడు తానే నడిచేది) రాసి, ఒకసారి రీబూట్ చేసి, ఈత్‌టూల్ చిన్న అక్షరాల ఆప్షన్లతో మళ్లీ చూసుకోండి.