మహబూబ్‌నగర్ నుంచి దుబాయ్: ఇంట్లో ఎన్నింటికి కదలాలి?

హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఆకాశమార్గంలో దాదాపు 2,550 కిలోమీటర్లు. నేరుగా పోయే విమానమైతే నాలుగు గంటల్లోపే దింపేస్తుంది. జడ్చర్లలో కారు తిప్పుకునే నన్ను మాత్రం ఈ లెక్క ఎవరూ అడగరు. వాళ్లకు కావాల్సింది ఇంట్లో ఎన్నింటికి కదలాలన్నదే.

టికెట్ చేతికి రాగానే ముందు తేదీ చూడండి. గల్ఫ్ విమానాలు చాలా అర్ధరాత్రి దాటాకే ఉంటాయి. '16వ తేదీ 00:40' అని ఉంటే 15 రాత్రే ఎయిర్‌పోర్టులో ఉండాలి. 16 సాయంత్రం తీరిగ్గా బ్యాగు సర్దుకుందామనుకునేవాళ్లు ఇప్పటికీ తగులుతూనే ఉన్నారు.

ఇక వెనక నుంచి లెక్కేసుకుంటూ రండి. విదేశీ విమానాలకు కౌంటర్ మామూలుగా గంట ముందే మూసేస్తారు, అంటే 23:40కి. బ్యాగుల తూకం, ఇమిగ్రేషన్, సెక్యూరిటీ క్యూలు ఉంటాయి కాబట్టి మూడు గంటల ముందు, 9:40కల్లా శంషాబాద్‌లో దిగాలి. మహబూబ్‌నగర్ నుంచి 80 కిలోమీటర్ల చిల్లర. రోడ్డు ఖాళీగా ఉంటే గంటన్నర. రాయికల్ టోల్‌గేటు దాటాక షాద్‌నగర్, కొత్తూరు వైపు లారీలు తగిలితే ఇంకో అరగంట. అందుకే నేను ఏడున్నరకే గేటు ముందు హారన్ కొడతాను. దసరా, సంక్రాంతి సెలవులైపోయి జనమంతా పట్నం మళ్లే రోజైతే ఆరింటికే. ఆర్టీసీ బస్సులో వచ్చేవాళ్లు శంషాబాద్‌లో దిగి, లోపలికి మళ్లీ ఆటోనో క్యాబో పట్టుకోవాలి. రెండు పెద్ద బ్యాగులుంటే ఆ తంటా వద్దంటాను.

టికెట్‌లో ఉండేది ఎక్కడి టైము అక్కడిది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. 00:40కి లేచి 03:00కి దిగుతుందని రాసి ఉంటే రెండు గంటల ఇరవై నిమిషాలే అనిపిస్తుంది. దానికి గంటన్నర కలిపితే 3:50, అదీ అసలు ప్రయాణం. మొన్న ఒక పెద్దమ్మ వెనక సీట్లో కూర్చుని, "మూడింటికి దిగుతడన్నరు బిడ్డా, నాలుగైనా ఫోన్ లేదు" అని ఒకటే టెన్షన్. అప్పటికి వాళ్లబ్బాయి ఇంకా గాల్లోనే ఉన్నాడు. మన గడియారంలో నాలుగున్నరకు దిగుతాడని చెప్పాక గానీ కుదుటపడలేదు.

వచ్చేటప్పుడు తీసేయాలి. దుబాయ్‌లో 21:50కి లేచి ఇక్కడ 02:55కి దిగితే, ఐదు గంటల ఐదు నిమిషాల్లోంచి గంటన్నర పోను 3:35. పైన గాలి పడమటి నుంచి వీస్తుంది కాబట్టి తిరుగు ప్రయాణం కాస్త తొందరగా అవుతుంది. తేదీ మారిపోతుంది, కారు చెప్పేటప్పుడు దిగే తేదీయే చెప్పండి. బ్యాగులు తీసుకుని బయటికొచ్చేసరికి గంట పడుతుంది, కాబట్టి నాలుగింటికి కారు పెట్టుకుంటే చాలు.

దోహా మీదుగా టికెట్ అయితే అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. మధ్యలో ఎంతసేపు ఆగాలో ఆ టైముతోనే చూసుకోవాలి.

ఇంకోటి, చౌకగా దొరికిందని షార్జా టికెట్ కొంటే అది వేరే ఎయిర్‌పోర్టు. అబుదాబి అయితే దుబాయ్‌కి రోడ్డు మీద ఇంకో గంటన్నర. అక్కడ తీసుకుపోవడానికి వచ్చేవాళ్లకు ఊరి పేరుతో పాటు టర్మినల్ నంబరు కూడా పంపండి. దుబాయ్‌లో మూడు టర్మినళ్లున్నాయి, రెండోది మిగతా వాటికి రన్‌వే అవతల ఉంటుంది.