పెరటి గోడమీది రాయిరంగు తూనీగను ఎలా కనిపెట్టాలి?

ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి చుట్టుపక్కల తూనీగలకు కొదవ లేదు. మహేంద్రతనయ నది ఒడ్డున ఎర్రవీ పసుపువీ ఇట్టే కంటబడతాయి. కళ్లెదుటే ఉన్నా కనబడనిది ఒకటుంది. ఇంగ్లీషులో దాన్ని గ్రానైట్ ఘోస్ట్ అంటారు, శాస్త్రనామం బ్రాడినోపైగా జెమినాటా. దానికోసం కొండలెక్కనక్కర్లేదు. పెరటి ప్రహరీ, పాత నూతి గట్టు, గుడి మెట్లు, ఊరిబయట బండలు చాలు.

పొద్దుటి ఎండకు రాయి కాస్త వేడెక్కాక బయలుదేరండి. కొత్తగా సున్నం కొట్టిన గోడలు వదిలేసి, నల్లమచ్చలు పట్టిన గరుకు గోడ ఎంచుకోండి.

నిలబడి వెతికితే దొరకదు. ఒంటినిండా బూడిద, నలుపు, తెలుపు మచ్చలు, పైగా నాలుగు రెక్కలూ రాతికి అదిమి కూర్చుంటుంది కాబట్టి నీడ కూడా సరిగా పడదు. అందుకే గోడవెంట మెల్లగా నడవండి. ఏదో లేచి, కొద్ది దూరంలో మళ్లీ వాలుతుంది. వాలిన చోటినుంచి చూపు తిప్పకండి, మీ నీడ దానిమీద పడనివ్వకండి. వంగి దగ్గరికెళ్లి రెక్క చివర చూడండి: నల్లటి చుక్క, దానికి రెండు కొసలా తెలుపు ఉంటే అదే. మొదటిసారి ఆ చుక్క కనబడ్డాక రాయి కాస్తా తూనీగగా మారిపోతుంది, ఆ సంబరం చెప్తే తీరదు! పిల్లల్ని తీసుకెళ్లండి, తోకకు దారం మాత్రం కట్టనివ్వకండి.

తర్వాత దగ్గర్లో నీళ్లెక్కడున్నాయో చూడండి. బండల గుంటల్లో నిలిచిన వాననీరు, సిమెంటు తొట్టెలు దీని పిల్లలకు పుట్టిళ్లు. తొట్టె అడుగునున్న నాచునూ ఆకుల్నీ తెల్లటి పళ్లెంలోకి తోడితే మట్టిరంగు పిల్లపురుగులు కదుల్తాయి. దోమపిల్లలు వాటి ఆహారం. అలాగని దోమల భారం అంతా వాటిమీదే వదలొద్దు. ఇంటి వాడకం నీళ్లకు మూత ఉండాల్సిందే. తోటలోని పాత తొట్టె కడిగేటప్పుడు మాత్రం పురుగుల్ని పాత నీళ్లతోనే బకెట్లోకి తీసి, మళ్లీ వదలండి. కిరసనాయిలు పోయకండి. తొట్టె గోడ నున్నగా ఉంటే ఒక గరుకు కర్రను నీళ్లలోంచి పైకి ఆనించండి. రెక్కలొచ్చే వేళకి పురుగు పైకి పాకడానికి పట్టు కావాలి.

ఏదో ఒక పొద్దున ఆ కర్రమీద వీపు పగిలిన కుబుసం అంటుకుని ఉంటుంది. అప్పుడు పక్క గోడ దగ్గరికెళ్లి, మళ్లీ మెల్లగా నడవండి.