బ్రిటన్‌లో ఊళ్లు చూస్తూ స్నేహితులను కలిసి రావడం ఎలా?

బ్రిటన్ చూడడానికి వెళ్లే తెలుగువారిలో చాలామందికి అక్కడ ఏదో ఒక ఊళ్లో స్నేహితుల ఇల్లు ఉంటుంది. ఊళ్లు చూడడం, మనుషులను కలవడం అనే రెండు పనులూ ఒకే ప్రయాణంలో ఇమడాలంటే ముందుగా వారాన్ని రెండుగా పంచుకోవాలి. సోమవారం నుంచి శుక్రవారం వరకు మన తిరుగుడు మనది, శని ఆదివారాలు స్నేహితులవి. అక్కడ చాలా ఇళ్లలో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తారు, పనిమనుషులు ఉండరు, పిల్లలను బడిలో దింపడం దగ్గర నుంచి అంట్లు తోమడం వరకు అన్నీ వారే చూసుకోవాలి. మంగళవారం నాడు మనం పెట్టెలతో దిగితే సెలవు పెట్టలేక, మనల్ని వదిలి వెళ్లలేక వారు ఇబ్బంది పడతారు, పైకి మాత్రం అనరు.

సందర్శక వీసా మీద సాధారణంగా 6 నెలల వరకు ఉండవచ్చు. ప్రయాణానికి 3 నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. స్నేహితుల ఇంట్లో బస చేసేవారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉంటారో తెలిపే ఆహ్వాన లేఖను ఆ స్నేహితుల చిరునామాతో తెప్పించుకుని జతచేయడం మంచిది. కాలం విషయానికి వస్తే మే నుంచి సెప్టెంబరు వరకు అనుకూలం. జూన్‌లో లండన్‌లో రాత్రి 9 దాటాక గాని పొద్దు గుంకదు, డిసెంబరులో సాయంత్రం 4 కాకముందే గుంకుతుంది. డిసెంబరు 25న లండన్‌లో ట్యూబ్ అనే భూగర్భ రైళ్లు గాని సిటీ బస్సులు గాని నడవవు కనుక ఆ రోజు ఎవరి ఇంట్లోనైనా ఉండేలా చూసుకోవాలి.

లండన్ బస్సుల్లో నగదు తీసుకోరు. కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు గాని లండన్ రవాణాకు ముందే డబ్బు వేసుకుని వాడే ఆయిస్టర్ కార్డు గాని ఉండాలి, ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉండాలి. ట్యూబ్‌లో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ అదే కార్డును తాకించాలి, బస్సులో ఎక్కేటప్పుడు ఒక్కసారి చాలు. ఎంత తిరిగినా రోజుకు ఒక పరిమితి దాటి ఛార్జీ పడదు. మన బ్యాంకు కార్డుకు విదేశీ లావాదేవీల సదుపాయాన్ని బయలుదేరకముందే తెరిపించుకోవాలి. వేరే ఊళ్లకు వెళ్లే రైలు టికెట్లను కొన్ని వారాల ముందే అడ్వాన్స్ టికెట్లుగా కొంటే బాగా చవక, అయితే అవి ఆ ఒక్క రైలుకే చెల్లుతాయి. స్నేహితుడు స్టేషనుకు ఎప్పుడు రాగలడో కనుక్కున్న తర్వాతే అటువంటి టికెట్టు కొనాలి.

చూడవలసినవాటిలో నేను అన్నిటికన్నా ముందు చెప్పేది బ్రిటిష్ మ్యూజియంలోని 33ఎ గది. మ్యూజియంలోకి ప్రవేశం ఉచితం, శుక్రవారం రాత్రి 8:30 వరకు తెరిచి ఉంటుంది, చక్రాల సూట్‌కేసులను మాత్రం లోపలికి రానివ్వరు. అద్దాల గోడ వెనక ఉన్న ఆ గదిలో అమరావతి స్తూపపు శిల్పాలు ఉన్నాయి. 1845లో మద్రాసులో పనిచేసిన ఆంగ్ల అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఈ పలనాటి సున్నపురాళ్లు మద్రాసు మీదుగా 1859లో లండన్‌కు వెళ్లాయి. వాటిలో ఒక పలకను రెండు వైపులా చెక్కారు. పాత వైపున బుద్ధుడు మనిషి రూపంలో కనిపించడు, బోధివృక్షమూ దాని కింద ఖాళీ ఆసనమూ మాత్రమే ఉంటాయి. కొన్ని శతాబ్దాల తర్వాత అదే రాతిని తిప్పి, రెండో వైపున మహాస్తూపాన్ని గుమ్మటంతో, ప్రాకారంతో, ద్వారం దగ్గరి సింహాలతో సహా మలిచారు. ఆ స్తూపం నిండుగా నిలిచి ఉన్న రోజుల్లో ఎలా ఉండేదో ఇవాళ మనకు చెప్పగలిగేవి ఇటువంటి పలకలే. ఇక్కడికి గంటైనా కేటాయించండి. ఆ గది ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో ముందుగా మ్యూజియం వెబ్‌సైటులో చూసుకోండి.

ఇంకో రెండు చోట్లకు పర్యాటకుల గుంపులు వెళ్లవు, మనం వెళ్లాలి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ 1899లో కన్నుమూసి సర్రే ప్రాంతంలోని డార్కింగ్ శ్మశానంలో సమాధి అయ్యారు. లండన్‌లోని వాటర్లూ స్టేషను నుంచి డార్కింగ్‌కు రైలులో సుమారు గంట ప్రయాణం, గోదావరి జిల్లాలవారికి అది చేయదగ్గ ప్రయాణమే. తెలుగు నిఘంటువు కూర్చిన సి.పి.బ్రౌన్ సమాధి లండన్‌లోనే, కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉంది. ఆ శ్మశానం చాలా విశాలమైనది కాబట్టి సమాధి ఏ వైపున ఉందో కనుక్కుని వెళ్లకపోతే పూటంతా వెతుకులాటకే సరిపోతుంది. కోహినూరు ఉన్న లండన్ టవర్ వంటి చోట్లకు టికెట్టు ముందే కొనుక్కోవాలి.

ఇక స్నేహితుల ఇల్లు. ఇండియా నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకువెళ్లడం నిషిద్ధం కాబట్టి నెయ్యి, పాలకోవా పెట్టెలో పెట్టవద్దు. కందిపొడి, బాగా సీలు చేసిన ఆవకాయ అయితే వారు ఎంతో సంతోషిస్తారు. అక్కడి స్నానాల గదుల్లో సాధారణంగా నేల మీద నీళ్లు పోవడానికి తూము ఉండదు. షవర్ తెర అంచును తొట్టి లోపలికి వేసుకుని స్నానం చేయకపోతే నీరు నేలలోకి ఇంకి కింది గది సీలింగు మీద మరకలు పడతాయి. తాలింపు వేసేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి కిటికీ తెరవాలి, లేకపోతే పొగ అలారం మోగి పసిపిల్లలు నిద్ర లేస్తారు. వంటలో ఒక పూట మీరు చేయి వేయండి, ఒక సాయంత్రం వారి పిల్లలను పార్కుకు తీసుకువెళ్లండి. సెలవురోజున మనల్ని కోటలు చూపిస్తూ తిప్పేటప్పుడు వారికి దక్కని విశ్రాంతి ఆ సాయంత్రం దక్కుతుంది. బయలుదేరే రోజు ఉదయం పక్క దుప్పట్లు, దిండు గలీబులు తీసి వాషింగ్ మెషీన్ దగ్గర పెట్టి, ఇంటి తాళం చెవిని వారి చేతికే ఇచ్చి రండి.