గల్లీలో వేసిన రోడ్డు లెక్క గల్లీవాళ్లే తేల్చాలంటే

కొత్తగా వేసిన సీసీ రోడ్డు మొదటి వానకే లేచిపోతే బస్తీలో రెండు రోజులు మాట్లాడుకుంటారు, మూడో రోజుకు మరిచిపోతారు. చేతిలో కాగితం లేకపోవడమే కారణం. ఎంత పొడవుకు, ఎంత మందానికి బిల్లు అయిందో తెలియనంత వరకు 'పని సరిగ్గా చేయలేదు' అన్నది మీ అభిప్రాయం. పని చూసిన ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారికి ఇంకో అభిప్రాయం ఉంటుంది. టేపుతో కొలిచిన అంకెను బిల్లులో రాసిన అంకె పక్కన పెట్టినప్పుడే మాట మారుతుంది.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. రాజస్థాన్ పల్లెల్లో 1994 నుంచే పనుల లెక్కలు ఊరందరి ముందు చదివి వినిపించారు. 2002లో ఢిల్లీలోని సుందర్‌నగరీ వాసులు ఆ రాష్ట్ర సమాచార చట్టం కింద కాగితాలు తీసుకుని అదే పని నగరంలో చేశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీకి 2009లో ప్రభుత్వమే ఒక సొసైటీ పెట్టింది. పల్లెకు అలా తనిఖీ బృందం వచ్చేది. నగరంలో మీ గల్లీకి ఎవరూ రారు, మీరే పూనుకోవాలి. కింద చెప్పేదంతా హైదరాబాద్‌ను దృష్టిలో పెట్టుకుని రాసింది. విజయవాడ, వరంగల్‌లోనూ ఆఫీసుల పేర్లు మారతాయి గానీ పద్ధతి ఇదే.

ముందు ఒక్క పని ఎంచుకోండి. ఒక్కటే. వార్డు మొత్తం లెక్క తీస్తామని బయలుదేరిన బృందాలు కాగితాల గుట్ట కింద మునిగిపోతాయి. ఏడాది, ఏడాదిన్నర లోపు పూర్తయి, కంటికి కనిపించేది, టేపుకు అందేది అయితే మంచిది: సీసీ రోడ్డు, ఫుట్‌పాత్, పార్కు ప్రహరీ, పైన పలకలు వేసిన మోరీ. నాలా పూడికతీత జోలికి మొదటిసారే పోకండి. తీసిన పూడిక లారీ ఎక్కాక ఆనవాలు మిగలదు. ట్రిప్ షీట్లు, తూకం చీటీలు తప్ప పట్టుకోవడానికి ఏమీ ఉండదు, వాటిని చదవడం అలవాటైనవాళ్లకే కష్టం.

ఆ పని ఎవరిదో తేల్చుకోవడం తర్వాతి మెట్టు. గల్లీ రోడ్డు, వాననీటి మోరీ నగరపాలక సంస్థవి. మురుగు లైను, మంచినీళ్ల పైపు జలమండలివి. పెద్ద రోడ్డయితే ఆర్ అండ్ బీదో, హెచ్‌ఎండీఏదో కూడా కావచ్చు. శిలాఫలకం ఉంటే ఫొటో తీయండి. పని పేరు, మొత్తం, నిధుల పద్దు సగం అక్కడే దొరుకుతాయి. ఇంకో చిక్కు: 2025 చివర్లో నగరంలో వార్డుల హద్దులు మారాయి. పాత పని రికార్డు పాత వార్డు నంబరుతో ఉంటుంది. అందుకే దరఖాస్తులో రెండు నంబర్లూ, ఏ ఇంటి నుంచి ఏ ఇంటి వరకు అన్నదీ రాయండి. లేకపోతే 'అలాంటి పని ఏదీ లేదు' అని ఒక్క వాక్యంలో జవాబు వస్తుంది.

మనుషుల సంగతి. ఏడెనిమిది మంది చాలు, కానీ ఆ ఏడెనిమిది మంది నాలుగు నెలలు నిలబడాలి. కాగితాలు, తేదీలు చూసే ఒకరు. అంకెలు వచ్చినవాళ్లు ఇద్దరు (తాపీమేస్త్రీ ఉంటే ఇంజినీరింగ్ డిగ్రీ కంటే ఎక్కువ పనికొస్తాడు). ఇంటింటికీ తిరిగేవాళ్లు ముగ్గురు. పొదుపు సంఘాల మహిళలు తప్పకుండా ఉండాలి. రోడ్డు ఏ రోజు తవ్వారు, కంకర ఎన్ని రోజులు పడి ఉంది, రాత్రి ఎన్ని గంటలకు కాంక్రీటు పోశారు అన్నవి ఇంటి దగ్గర ఉండేవాళ్లకే తెలుస్తాయి. పార్టీల మనుషులు కూడా ఉండవచ్చు, మైకు మాత్రం వాళ్ల చేతికి ఇవ్వకండి. కాలనీ వాట్సాప్ గ్రూపులో ఈ పని నడపాలని చూడకండి. రెండు వందల మంది ఉన్నచోట శుభోదయం ఫొటోల కింద కొలతలు గల్లంతవుతాయి, పైగా కాంట్రాక్టర్ బంధువు కూడా ఆ గ్రూపులోనే ఉంటాడు. పనిచేసేవాళ్లకు వేరే చిన్న గ్రూపు పెట్టుకోండి. ఖర్చు నకళ్లకు, పోస్టుకు, చాయ్‌కు తప్ప పెద్దగా ఉండదు. ఇంటికి కొంత వేసుకుని నోటుబుక్కులో రాయండి. కాంట్రాక్టర్ దగ్గర గానీ, ఎన్నికల్లో నిలబడేవాళ్ల దగ్గర గానీ రూపాయి ముట్టకండి.

దరఖాస్తు

సమాచార హక్కు చట్టం, 2005 కింద ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు. సెక్షన్ 6(2) అదే అంటుంది. నగరపాలక ఆఫీసుకు ఫీజు 10 రూపాయలు, తెల్లకార్డు వాళ్లకు లేదు (కార్డు నకలు జత చేయాలి). పోస్టల్ ఆర్డరు జత చేసి స్పీడ్ పోస్టులో పంపండి. రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరు 1 నుంచి స్పీడ్ పోస్టులోనే కలిసిపోయింది. నేరుగా ఇస్తే రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. 'ఇన్‌వార్డులో పెట్టిపోండి' అంటే పెట్టి రాకండి.

చాలా దరఖాస్తులు ప్రశ్నల దగ్గరే చెడతాయి. 'రోడ్డు ఎందుకు పాడైంది?', 'బాధ్యులు ఎవరు?' అని అడిగితే ఆ సమాచారం రికార్డులో లేదని తిప్పి పంపుతారు, చట్ట ప్రకారం అది తప్పు కూడా కాదు. కాగితాన్ని పేరు పెట్టి అడగండి. నమూనా ఇలా ఉంటుంది:

'ఫలానా సర్కిల్, ఫలానా వార్డులో ఫలానా ఇంటి నంబరు నుంచి ఫలానా ఇంటి నంబరు వరకు వేసిన సీసీ రోడ్డుకు సంబంధించి కింది రికార్డుల ధ్రువీకృత నకళ్లు ఇవ్వగలరు: పరిపాలన మంజూరు, సాంకేతిక మంజూరు, వివరమైన ఎస్టిమేటు, అగ్రిమెంటు, వర్క్ ఆర్డరు, మెజర్‌మెంట్ బుక్కులో ఈ పనికి చెందిన పేజీలు అన్నీ, ఇంతవరకు చెల్లించిన బిల్లులు, క్వాలిటీ కంట్రోల్ పరీక్షల రిపోర్టులు. సెక్షన్ 2(జె) ప్రకారం ఈ రికార్డులను, పనిని స్వయంగా తనిఖీ చేసేందుకు తేదీ, సమయం తెలుపగలరు.'

కూలీల పేర్లు, ఫోన్ నంబర్లు అడగకండి. డేటా రక్షణ చట్టం వచ్చాక, వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదనే సెక్షన్ 8(1)(జె) ఇదివరకటి కంటే బిగుసుకుంది. ఒక్క వ్యక్తిగత వివరం అడిగారని మొత్తం దరఖాస్తునే పక్కన పెట్టే అవకాశం ఇచ్చినట్టవుతుంది. ఇదే దరఖాస్తును ఇద్దరు ముగ్గురు వేర్వేరు పేర్లతో వేస్తే ఒక్కరి మీదే ఒత్తిడి పడదు. వచ్చిన ప్రతి కాగితాన్నీ అదే రోజు స్కాన్ చేసి కనీసం మూడు ఇళ్లలో ఉంచండి. సమాచారం అడిగినవాళ్ల మీద దాడులు జరిగిన దేశం ఇది. పది మందికీ తెలిసిన కాగితం కోసం ఒక్కడిని బెదిరించి లాభం ఉండదు.

జవాబుకు గడువు 30 రోజులు. వేరే ఆఫీసుది అయితే 5 రోజుల్లో వాళ్లే అక్కడికి బదిలీ చేయాలి. నకళ్లకు పేజీకి 2 రూపాయల చొప్పున కట్టమని లేఖ వస్తుంది. ఆ లేఖ బయలుదేరిన రోజు నుంచి మీరు డబ్బు కట్టే రోజు వరకు గడువులో లెక్కకు రాదు కాబట్టి వెంటనే కట్టేయండి. 30 రోజులు దాటితే సెక్షన్ 7(6) ప్రకారం నకళ్లు ఉచితంగా ఇవ్వాలి. జవాబు రాకపోయినా, అరకొరగా వచ్చినా 30 రోజుల్లో అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. ఆ తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండోది. దాని మీదే ఆశ పెట్టుకోకండి. తెలంగాణ కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు కమిషనర్లే లేరు, ఆ కాలపు అప్పీళ్లు గుట్టగా పడ్డాయి. అప్పీలు దారిలో అప్పీలును నడవనిస్తూనే, సోమవారం ప్రజావాణిలో 'తనిఖీకి తేదీ ఇవ్వండి' అని అర్జీ పెట్టండి. నకళ్లు ఇవ్వడానికి తటపటాయించే ఆఫీసు కూడా చాలాసార్లు 'వచ్చి చూసుకోండి' అంటుంది. వెళ్లినప్పుడు మొదటి గంట చూడటానికి ఫీజు లేదు, నోట్స్ రాసుకోవచ్చు. ఇద్దరికి తక్కువ కాకుండా వెళ్లండి. గొంతు పెంచకండి, బల్ల చరచకండి. ప్రభుత్వ ఉద్యోగి మీద బలప్రయోగం చేసి విధులకు అడ్డుపడ్డారని భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 132 కింద కేసు పెడితే రోడ్డు సంగతి అటకెక్కి మీ బెయిలు సంగతి మొదలవుతుంది.

ఎం.బుక్కు చదవడం

ఇంజినీర్లు ఎం.బుక్కు అనే మెజర్‌మెంట్ బుక్కే అసలు కాగితం. అందులో ప్రతి అంశానికీ సంఖ్య, పొడవు, వెడల్పు, మందం లేదా లోతు, వాటిని గుణించిన పరిమాణం వరసగా ఉంటాయి. బిల్లు దాని మీదే లేస్తుంది. ముందుగా ఆ బిల్లు పార్టుదా (పని మధ్యలో కొంత భాగానికి చేసేది), ఫైనలా అన్నది చూడండి. పార్టు బిల్లు పట్టుకుని 'ఇంతే వేశారు' అని వాదించి పరువు పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ.

సీసీ రోడ్డంటే పైన కనిపించే కాంక్రీటు ఒక్కటే కాదు. పాత రోడ్డు తవ్వకం, కంకర పొర, దాని మీద బెడ్డు, ఆపైన కాంక్రీటు, ఒక్కోదానికి ఒక్కో లెక్క. తవ్వకం దగ్గర ఆగి చూడండి. రోడ్డు వేశాక ఇళ్ల గడపలు రోడ్డు కంటే కిందికి పోయి, వాన నీళ్లు ఇళ్లలోకి వస్తున్నాయంటే పాత రోడ్డు మీదే కొత్తది పోసి ఉండొచ్చు. అయినా ఎం.బుక్కులో తవ్వకానికీ, మట్టి తరలింపుకూ కొలతలు ఉంటే అడగాల్సిన మొదటి ప్రశ్న దొరికినట్టే. రోడ్డు వేయకముందు తీసిన పెళ్లి ఫొటోలు, పుట్టినరోజు వీడియోలు ఇక్కడ బాగా పనికొస్తాయి. వెనకాల గడపా, మెట్లూ కనిపిస్తాయి.

కొలత ఆదివారం పొద్దున్నే, బండ్లు కదలకముందు పెట్టుకోండి. 30 మీటర్ల ఫైబర్ టేపు, సుద్దముక్క, స్టీలు స్కేలు, ఫొటోలకు ఒక ఫోను. పొడవు రోడ్డు మధ్యలో కొలవండి. వెడల్పును ప్రతి 10 మీటర్లకు కొలిచి, అన్నింటి సగటు తీయండి. సన్నగా ఉన్నచోటే కొలిచి చూపిస్తే ఇంజినీరు ఒక్క నిమిషంలో మీ లెక్క కొట్టేస్తాడు, ఆ తర్వాత మీ నిజమైన లెక్క కూడా ఎవరూ వినరు. అంతా మీటర్లలోనే రాయండి, అడుగులు, మీటర్లు కలగలిసిన చోటే ఎక్కువ తప్పులు దొర్లుతాయి (మీటరుకు 3.28 అడుగులు). మందానికి రోడ్డును పగలగొట్టకండి, అది ప్రభుత్వ ఆస్తి. నల్లా పైపు కోసం ఎవరో కోసిన చోట, మట్టి కప్పని అంచుల దగ్గర, రోడ్డు ఆగిపోయిన కొసన కనీసం అయిదారు చోట్ల స్కేలు పెట్టండి. అంచు దగ్గర కాంక్రీటు కొంచెం పలచబడటం మామూలే, అందుకే మీ అంకె నిరూపణ కాదు, అనుమానానికి ఆధారం. తేల్చేది కోర్ కటింగ్, అంటే రోడ్డులోంచి మిషనుతో గుండ్రటి ముక్క కోసి తీసి చూడటం. దాన్ని ఆఫీసు చేత చేయించాలి. మ్యాన్‌హోల్ మూతలు పైనుంచి లెక్కపెట్టండి, తెరవకండి. లోపలి గ్యాసుకు క్షణాల్లో ప్రాణం పోతుంది.

ఉదాహరణకు ఎం.బుక్కులో 120 మీటర్ల పొడవు, 3.5 వెడల్పు, 0.15 మందం ఉందనుకోండి: 63 ఘనపు మీటర్లు. మీ కొలతలో పొడవు అదే, వెడల్పు సగటు 3.2, మందం 0.12 వస్తే 46.08. తేడా 16.92, అంటే నాలుగో వంతు కంటే కొంచెం ఎక్కువ. చూడటానికి వెడల్పులో ఒక అడుగు, మందంలో ఒక అంగుళం పైన, అంతే కదా అనిపిస్తుంది. 6 ఘనపు మీటర్ల మిక్సర్ లారీలుగా చెబితే అందరికీ అర్థమవుతుంది: బిల్లు ప్రకారం 11 బండ్లు రావాలి, వచ్చినవి 8 అయి ఉండాలి. ఎదురింటి అమ్మకు ఎన్ని బండ్లు వచ్చాయో గుర్తుంటుంది. వెడల్పులో రెండు మూడు సెంటీమీటర్ల తేడాలను వదిలేయండి, వాటి మీద గొడవపడితే చులకనవుతారు.

గల్లీ ముందు చదవడం

కమ్యూనిటీ హాలు దొరికితే అందులోనే పెట్టండి. రోడ్డు మీద టెంటు వేస్తే పోలీసు అనుమతి కావాలి. మైకుకు ఎక్కడైనా స్టేషన్‌లో అడగడమే మేలు. ఆషాఢ బోనాలు, వినాయక నవరాత్రులు, రంజాన్ ఇఫ్తార్ వేళలు వదిలేయండి. ఆదివారం సాయంత్రం గంటన్నర చాలు. పది రోజుల ముందే ఏఈకి, ఆయన పైనుండే డీఈకి, కాంట్రాక్టర్‌కు, కార్పొరేటర్ ఉంటే వారికి లిఖితపూర్వకంగా ఆహ్వానం పంపి రసీదు ఉంచుకోండి. వాళ్లు వస్తే మొదటి వరుసలో కూర్చోబెట్టి జవాబు చెప్పే సమయం ఇవ్వండి. సరైన జవాబు చెబితే అక్కడికక్కడే ఒప్పుకోండి. మ్యాన్‌హోళ్ల చుట్టూ వేసిన కాంక్రీటు మీరు లెక్కలో మరిచిపోయి ఉండొచ్చు.

ఆరడుగుల ఫ్లెక్సీ మీద మూడే గడులు వేయించండి: బిల్లులో ఉన్నది, మేం కొలిచింది, తేడా. అంశం తర్వాత అంశం తెలుగులోనూ, ఉర్దూలోనూ చదవండి. చదివాక ఆ పని జరిగిన చోట ఉండేవాళ్లను అడగండి: 'ఇక్కడ తవ్వారా? ఎంత లోతు?' ఉపన్యాసాలు వద్దు. 'దొంగ', 'తిన్నాడు' అనే మాటలు అసలు వద్దు, వేదిక మీదా వాట్సాప్‌లోనూ. తేడా ఉంది అన్నంతవరకే మీ దగ్గర కాగితం ఉంది, ఆపైన అంటే పరువునష్టం కేసుకు మీరే దారి వేసినవాళ్లవుతారు.

సభ అయిన వారంలోపు, వేడి తగ్గకముందే అర్జీ వెళ్లాలి. ఎక్కువ మంది ఆరో వారానికి చల్లబడతారు. ఆఫీసు కూడా దానికే ఎదురుచూస్తుంది. అర్జీలో మూడే కోరండి: స్థానికుల సమక్షంలో మళ్లీ కొలత, కోర్ కటింగ్; తేడా తేలితే కాంట్రాక్టర్ నుంచి రికవరీ; అగ్రిమెంటులో రాసిన లోపాల బాధ్యత గడువు (రోడ్డు పాడైతే కాంట్రాక్టరే బాగుచేయాల్సిన కాలం) ముగియకముందే మరమ్మతు. ఆ గడువు తేదీని అర్జీ మొదటి వాక్యంలోనే రాయండి, ఎందుకంటే అది దాటాక కాంట్రాక్టర్ డిపాజిట్ వెనక్కి వెళ్లిపోతుంది, మరమ్మతుకు మళ్లీ మన పన్ను డబ్బే పెట్టాలి. నకళ్లు కార్యనిర్వాహక ఇంజినీరుకు, పై ఇంజినీరుకు, క్వాలిటీ కంట్రోల్ విభాగానికి పంపండి. ఎవరైనా లంచం అడిగితే అది వేరే సంగతి, దానికి ఏసీబీ నంబరు 1064 ఉంది.

మళ్లీ కొలిచే రోజు మీ వైపు నుంచి నలుగురు ఉండాలి, పాత కొలతల కాగితం ఒకరి చేతిలో ఉండాలి. కోర్ ఎక్కడ తీయాలో సగం చోట్లు వాళ్లను చెప్పమనండి, సగం మీరు చెప్పండి. తీసిన ముక్క పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. అక్కడే చేతిరాతతో ఒక కాగితం మీద చోటు, సమయం, కొలత రాసి హాజరైన అందరి సంతకాలూ తీసుకోండి. సంతకం పెట్టనన్నవాళ్ల పేరు ఎదురుగా 'నిరాకరించారు' అని సమయంతో సహా రాసి, మీ నలుగురూ దాని కింద సంతకం చేయండి.