వంకర చేను వైశాల్యం డిటర్మినెంట్‌తో ఎలా కనుక్కోవాలి?

మహారాష్ట్రలోని సిరొంచ తాలూకాలో ప్రాణహిత, గోదావరి ఒడ్ల వెంబడి ఉన్న చేలల్లో సరైన దీర్ఘచతురస్రం దొరకడం కష్టం. కౌలు మాట్లాడుకునేటప్పుడు, అన్నదమ్ములు పంచుకునేటప్పుడు చాలామంది ఎదురెదురు గట్ల పొడవులు కలిపి సగం చేసి, వచ్చిన రెండు సంఖ్యలనూ గుణిస్తారు. ఈ లెక్క దీర్ఘచతురస్రానికి మాత్రమే సరిపోతుంది. మిగతా ఏ నాలుగు మూలల చేనుకైనా ఉన్నదాని కన్నా ఎక్కువే చూపిస్తుంది, తక్కువ ఎప్పుడూ చూపించదు. ఇలా వచ్చేది స్థూల ఫలమేనని, అంటే ఉజ్జాయింపు లెక్కేనని, గణితజ్ఞుడు బ్రహ్మగుప్తుడు 628లోనే రాశాడు. అంటే ఎకరం లెక్కన కౌలు కట్టే మనిషి ప్రతిసారీ లేని నేలకు కూడా డబ్బు కడుతున్నాడు. అందుకే ఇంటర్‌లో పిల్లలు చదివే వెక్టర్, డిటర్మినెంట్ లెక్కను చేలోకి తీసుకెళ్లడం అవసరమని నేను గట్టిగా నమ్ముతాను.

కొలతలు తీసుకోవడం

కావలసినవి పొడవాటి టేపు, తాడు, నాలుగు కర్రలు. తిన్నగా ఉన్న గట్టును ఒకదాన్ని ఎంచుకోండి. దాని ఒక చివర ఏ, రెండో చివర బీ. మిగిలిన మూలలు వరుసగా సీ, డీ. చేను చుట్టూ తిరిగే క్రమంలోనే పేర్లు పెట్టాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు సీ మూల నుంచి ఏబీ గట్టు మీదికి లంబంగా టేపు లాగండి. అది గట్టును ఏ నుంచి ఎంత దూరంలో తాకింది, లంబం పొడవు ఎంత అన్న రెండు సంఖ్యలు రాసుకోండి. డీకి కూడా అంతే. లంబం కోసం తాడుతో 6, 8, 10 మీటర్ల భుజాలతో త్రిభుజం కట్టండి, 10 మీటర్ల భుజానికి ఎదురుగా లంబకోణం వస్తుంది. ఈ పని కంటి అంచనాతో చేయకండి. మొత్తం లెక్క దీని మీదే నిలుస్తుంది.

మన ఉదాహరణలో ఏ (0, 0), బీ (80, 0), సీ (90, 60), డీ (10, 50), అన్నీ మీటర్లలో. బ్రాకెట్లో మొదటి సంఖ్య ఏ నుంచి గట్టు వెంబడి దూరం, రెండోది లంబం పొడవు. సీకి 90 వచ్చిందంటే లంబం బీ దాటి పడిందని అర్థం, ఆ వైపు తాడును తిన్నగా పొడిగించి కొలవాలి.

లెక్క

ఏ నుంచి మిగతా మూలలకు మూడు బాణాలు గీసినట్టు అనుకోండి. అవే మన వెక్టర్లు. రెండు వెక్టర్లు (ప, ఫ), (బ, భ) అయితే వాటి డిటర్మినెంట్ ప×భ − ఫ×బ. అది ఆ రెండింటి మీద నిలిచే సమాంతర చతుర్భుజం వైశాల్యం, అందులో సగం త్రిభుజం. మొదటి బాణం గట్టు వెంబడే ఉంటే ఫ సున్నా, మిగిలేది ప×భ, అంటే మనకు తెలిసిన భూమి (అడుగు భుజం) ఇంటూ ఎత్తే. బాణం వాలినప్పుడు ఆ తేడాను ఫ×బ సరిచేస్తుంది.

ఏబీసీ: 80×60 − 0×90 = 4800, సగం 2400.
ఏసీడీ: 90×50 − 60×10 = 3900, సగం 1950.

మొత్తం 4350 చదరపు మీటర్లు. సాత్‌బారా (7/12 భూమి రికార్డు) కాగితం హెక్టార్లు, ఆర్‌లలో ఉంటుంది. ఒక ఆర్ 100 చదరపు మీటర్లు కాబట్టి ఇది 43.5 ఆర్. ఊళ్లో మాట్లాడేది గుంటల్లో. గుంట సుమారు 101.17 చదరపు మీటర్లు, అలా చూస్తే 43 గుంటలు, అంటే ఎకరం మూడు గుంటలు.

ఇదే చేనుకు గట్ల సగటు లెక్క వేస్తే 4490 చదరపు మీటర్లు వస్తుంది. దాదాపు 1.4 గుంటలు ఎక్కువ.

చేను ఒక మూల లోపలికి నొక్కుకుపోయి ఉంటే ఒక త్రిభుజం మైనస్‌లో రావచ్చు. దాన్ని ప్లస్ చేయకండి, ఆ నొక్కును తీసేస్తున్నది ఆ మైనసే. అన్నీ కలిపాక చివరి సంఖ్యకు మాత్రమే మైనస్ గుర్తు ఉంటే వదిలేయాలి.

సరిచూడటం

కర్ణాలు ఏసీ (90, 60), బీడీ (−70, 50). డీ సంఖ్యల్లోంచి బీ సంఖ్యలు తీసేస్తే బీడీ వస్తుంది. డిటర్మినెంట్ 90×50 − 60×(−70) = 8700, సగం 4350. గుణకారంలో పొరపాటు ఉంటే ఇక్కడ బయటపడుతుంది, టేపు పొరపాటు మాత్రం బయటపడదు. అందుకు బీ నుంచి డీకి నేరుగా టేపు లాగండి. 70, 50 వర్గాల మొత్తానికి వర్గమూలం 86.02, టేపు కూడా దాదాపు అంతే చూపాలి. బీసీ, సీడీ గట్లను కూడా ఇలాగే సరిచూస్తే సీ కొలత మీద టెన్షన్ ఉండదు. సీ లంబంలో ఒక్క మీటరు తేడా వచ్చినా 35 చదరపు మీటర్లు, గుంటలో మూడో వంతు, అటూ ఇటూ అవుతుంది.

నది వైపు గట్టు వంపు తిరిగి ఉంటే ఆ వంపు మీద ఎక్కువ కర్రలు పాతి, ఏ నుంచి ఒక్కో త్రిభుజం కలుపుకుంటూ పోండి. వంపు బయటికి ఉబ్బితే తక్కువ కర్రలు నేలను తగ్గిస్తాయి, లోపలికి ఉంటే పెంచుతాయి. వంపు ఎక్కువగా ఉన్నచోట కర్రలు దగ్గరగా, తిన్నగా ఉన్నచోట దూరంగా పాతండి.