వాగా, కొండ వెన్నా? గీతల మొన చూడండి

తూర్పు కనుమల్లో ట్రెక్కింగ్‌కు వెళ్లేవాళ్లు సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్కేలు టోపోషీటు (నేల ఎత్తుపల్లాలు చూపే పటం) చదవడం తప్పక నేర్చుకోండి. అందులో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గోధుమరంగు గీతలే కాంటూరు గీతలు. పక్కపక్క గీతల మధ్య ఎత్తు తేడా సాధారణంగా 20 మీటర్లు. గీతలు దగ్గరైతే ఏటవాలు ఎక్కువని చాలామందికి తెలుసు. అసలు తికమకంతా లోయ, కొండ వెన్ను గుర్తించడంలోనే.

గీతలు ‘వి’ ఆకారంలో వంగినచోట మొన ఎత్తువైపు ఉంటే అది లోయ, అంటే నీళ్లు దిగే దారి. పల్లంవైపు ఉంటే కొండ వెన్ను. ఎటు ఎత్తో తెలియకపోతే లావు గీతల మీది అంకెలు చూడండి. వానాకాలంలో గుడారం వేసే చోటు ఎంచుకునే ముందు ఇది చూసుకోవాల్సిందే. ఎండిన వాగు కూడా పైన వాన పడితే ఉన్నట్టుండి పొంగుతుంది.