సర్పి లేస్తే మొదటి మూడు రోజులు పోగొట్టుకోకండి

నడుం దగ్గరో ఛాతీ మీదో ఒక్క పక్కనే మంట, సూదులతో పొడిచినట్టు నొప్పి మొదలై, రెండు మూడు రోజులకి అదే చోట చర్మం కంది గుత్తులుగా నీటి పొక్కులు లేచాయంటే చాలావరకు అది సర్పే. డాక్టర్లు హెర్పిస్ జోస్టర్ అంటారు, షింగిల్స్ అన్నా ఇదే. పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు మందు మొదలుపెట్టాలి.

మా నాన్నకి ఎడమ పక్కటెముకల దగ్గర నొప్పి వస్తే గ్యాస్ అనుకుని మాత్ర ఇచ్చాం, పట్టేసిందేమోనని బామ్ రాశాం. (ఎడమ పక్క ఛాతీ నొప్పికి ముందు ఈసీజీ తీయించాలి, అదీ చేయలేదు.) పొక్కులు లేచాక పక్కింటి పెద్దావిడ చూసి సర్పి అని సరిగ్గానే చెప్పారు, కానీ ఇంగ్లిష్ మందులు పడవు, పసరు పూయించండి అన్నారు. అలా ఐదు రోజులు పోయాయి. పొక్కులు మానాయి గానీ నొప్పి ఏడు నెలలు వదల్లేదు. బనీను అంచు తగిలినా ఉలిక్కిపడేవారు, రాత్రి దుప్పటి ఆ పక్కకి ఆనకుండా దిండు అడ్డం పెట్టుకుని పడుకునేవారు.

పాము చుట్టినట్టు నడుం చుట్టూ తిరిగి రెండు కొసలూ కలిస్తే ప్రాణం పోతుందని భయపెడతారు, నమ్మకండి. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన వైరస్సే వెన్నుపాము పక్కన నరాల మొదళ్లలో ఏళ్ల తరబడి దాక్కుని, వయసు మీదపడో, షుగర్ వల్లో, క్యాన్సర్ మందుల వల్లో ఒంట్లో శక్తి తగ్గినప్పుడు ఒక నరం వెంట పైకి వస్తుంది. ఆ నరం ఎంత మేర ఉంటే అంతే పట్టీలా లేస్తుంది, అందుకే ఒక పక్కనే ఉంటుంది. ఒళ్లంతా పాకితే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

డాక్టర్ మామూలుగా రాసేది ఎసైక్లోవిర్ 800 మిల్లీగ్రాములు రోజుకి ఐదు సార్లు, లేదా వాలాసైక్లోవిర్ 1 గ్రాము మూడు సార్లు, వారం రోజులు. కిడ్నీ సమస్య ఉంటే డోసు తగ్గించాలి, కాబట్టి ఆ మాట ముందే చెప్పండి, మెడికల్ షాపులో అడిగి సొంతంగా వేసుకోకండి. నీళ్లు బాగా తాగాలి. పైన రాసే ఎసైక్లోవిర్ క్రీము దీనికి పెద్దగా పనిచేయదు. మూడు రోజులు దాటిపోయినా కొత్త పొక్కులు ఇంకా లేస్తుంటే వెళ్లండి, మందు ఇస్తారు.

పొక్కులు చిదమొద్దు. సబ్బు నీళ్లతో మెల్లగా కడిగి, మెత్తటి నూలు బట్ట వదులుగా వేయండి. చల్లటి తడిగుడ్డ, కాలమైన్ లోషన్ హాయినిస్తాయి. ఎర్రమట్టి, పసరు, సున్నం పూస్తే పుండు చీము పట్టొచ్చు.

నుదుటి మీద, కంటి చుట్టూ, ముఖ్యంగా ముక్కు కొస మీద పొక్కు కనిపిస్తే అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, చూపు పోయే ప్రమాదం ఉంది. చెవిలో లేచి మూతి వంకర పోతున్నా ఆగొద్దు.

ఇంట్లో వాళ్లకి సర్పి అంటదు, కానీ ఆటలమ్మ రానివాళ్లకి పొక్కుల్లోని నీరు తగిలితే ఆటలమ్మ రావచ్చు. పక్కులు కట్టేదాకా గర్భిణులనీ పసిపిల్లలనీ దూరంగా ఉంచి, పొక్కుల మీద బట్ట కప్పి ఉంచితే చాలు.

మానాక కూడా నొప్పి ఉంటే ఓర్చుకోమని పెద్దవాళ్లకి చెప్పకండి. అది నరం దెబ్బతిన్న నొప్పి, మామూలు మాత్రలకి సరిగా లొంగదు, ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి కావాలి. వాటితో మత్తుగా ఉంటుంది, నాన్న రాత్రి బాత్రూమ్‌కి లేచినప్పుడు ఒకరం తోడు వెళ్లేవాళ్లం.

50 దాటినవాళ్లకి షింగ్రిక్స్ టీకా ఉంది, మన దేశంలో 2023 నుంచి దొరుకుతోంది. రెండు నుంచి ఆరు నెలల తేడాతో రెండు డోసులు. ఖరీదెక్కువే, అయినా ఆ ఏడు నెలలు చూశాక నేను లెక్క చూసుకోలేదు. ఒకసారి సర్పి వచ్చి తగ్గినవాళ్లూ వేయించుకోవచ్చు. నాన్నకీ అమ్మకీ వేయించాం, అమ్మకి రెండు రోజులు చెయ్యి నొప్పి, కాస్త జ్వరం వచ్చి పారాసిటమాల్‌తో తగ్గిపోయాయి.